ఆదా అయిన గంటలు ఎవరి ఖాతాలో పడ్డాయి?

పాఠకుని లేఖ: అయ్యా, నాకు 51 ఏళ్లు. తెనాలిలో 1999 నుంచి డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. ఒకప్పుడు శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులతో రాత్రి పది దాకా తీరిక ఉండేది కాదు. అద్దె, కరెంటు పోను నెలకు 40 వేలు మిగిలేవి. ఇప్పుడు 14 వేలు మిగిలితే గొప్ప. ధ్రువపత్రాలు వాట్సాప్‌లో వస్తున్నాయి, శుభలేఖలు ఫోనులోనే తయారవుతున్నాయి, అర్జీలు కృత్రిమ మేధ రాసిపెడుతోంది. మా అబ్బాయి 2023లో బీటెక్ పూర్తిచేశాడు. ఉద్యోగం దొరక్క హైదరాబాదులో కొండాపూర్ వైపు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. రోజుకు 11 గంటల చొప్పున నెలకు 26 రోజులు తిరిగితే 26 వేలు వస్తున్నాయి. అందులో పెట్రోలుకు 6,500, బండి వాయిదాకు 3,200 పోతున్నాయి. బంధువులు అడిగితే ప్రైవేటు ఉద్యోగమని చెబుతున్నాను. ఇప్పుడు వాడు 2 లక్షల 80 వేలు కట్టి కృత్రిమ మేధ కోర్సు చేస్తానంటున్నాడు. ఉద్యోగం ఖాయమని ఆ సంస్థవారు చెప్పారట. అందుకు నా భార్య బంగారం తాకట్టు పెట్టాలి. ఆమెకు సంపాదన లేదు. పక్షవాతం వచ్చిన మా అమ్మను చూసుకుంటూ ఇంట్లోనే ఉంటుంది, మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లినప్పుడు దుకాణంలో కూర్చుంటుంది. దేశం వేగంగా ఎదుగుతోందని రోజూ వింటున్నాను. ఆ ఎదుగుదల మా ఇంటి గడప ఎందుకు తొక్కలేదు? దుకాణం మూసేయాలా? అప్పు చేయాలా? — ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దుకాణం గురించి, అబ్బాయి గురించి, దేశం ఎదుగుదల గురించి మీరు అడిగినవి వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తున్నా, వాటి వేరు ఒక్కటేనని నాకు అనిపించింది. అయితే తాకట్టు సంగతి వాయిదా వేయదగినది కాదు కనుక దానితోనే మొదలుపెడతాను. ఆ కోర్సు కోసం బంగారం తాకట్టు పెట్టకండి.

చదువుకోవద్దని నేను అనడం లేదు. ఉద్యోగం ఖాయమన్న మాటను ఆ సంస్థవారు నోటితో చెప్పారా, కాగితం మీద రాసి ఇచ్చారా అని ముందు అడగండి. రాసి ఇస్తే, ఉద్యోగం రానిపక్షంలో కట్టిన రుసుములో ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులో ఉండాలి. పోయిన ఏడాది ఎంతమంది చేరారు, వారిలో ఎంతమందికి ఏ పని ఏ జీతానికి దొరికిందన్న లెక్క కూడా అడగండి. గోడమీద అంటించిన పది ఫొటోలు దానికి జవాబు కావు. చేరిన వందమందిలో ఆ పదిమందిని మినహాయిస్తే మిగిలిన తొంభైమంది ఏమయ్యారన్నదే మీరు తెలుసుకోవలసిన విషయం. ఇక పాఠాల మాటకొస్తే, ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో యంత్ర అభ్యసనం (మెషీన్ లెర్నింగ్), గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ధ్రువపత్రం కోసం పరీక్ష రాయదలచినవారే రుసుము చెల్లించాలి. కాబట్టి మీ అబ్బాయికి కొరతగా ఉన్నది పాఠం కాదని, రోజుకు 11 గంటలు రోడ్డు మీద గడిపి వచ్చినవాడికి పుస్తకం తెరిచే సమయమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆ సమయం ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. 26 వేలలో పెట్రోలు 6,500, వాయిదా 3,200 పోను, టైర్లు, బ్రేకులు, ఆయిలు, సర్వీసింగు కలిపి నెలకు సగటున 1,300 అనుకుంటే మిగిలేది 15 వేలు. అతడు పనిచేసిన గంటలు 286. అంటే గంటకు 52 రూపాయలు. ఇప్పుడు తాకట్టు వైపు చూడండి. 2 లక్షల 80 వేలకు నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 2,800 అవుతుంది. అతడు రోజుకు రెండు గంటలు తక్కువ తిరిగితే నెలకు తగ్గే రాబడి, పెట్రోలు, మరమ్మతులు ఆదా అయినంత మేర తీసేసి, బండి వాయిదా మాత్రం మారదు కనుక, దాదాపు 3,300 ఉంటుంది. ఇన్ని ఆర్డర్లకు ఇంత అదనం అని ఇచ్చే ఇన్సెంటివ్ మెట్టు ఒకటి తప్పితే ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. అసలు ముట్టకుండా ఒక్క వడ్డీకి మరో 500 కలిపితే, మీ అబ్బాయికి రోజూ రెండు గంటల చదువు వేళ కొనివ్వవచ్చన్నమాట. ఆరు నెలలు అలా ఇచ్చి చూడండి. ఆ ఆరు నెలల్లో అతడు సొంతంగా చిన్నదైనా ఒక పని పూర్తిచేసి నలుగురికీ చూపగలిగితే, ఆ తరువాత ఏ కోర్సు అవసరమో అతడికే తెలుస్తుంది. లేకపోతే 2 లక్షల 80 వేలు మిగిలినట్టే.

ఈ లెక్కను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. యంత్రం వచ్చినప్పుడు మనమంతా ‘పని పోతుందా, ఉంటుందా’ అని అడుగుతాం. నా అనుభవంలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: యంత్రం వల్ల ఆదా అయిన సమయం ఎవరి ఖాతాలో పడింది?

1980లలో నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాడిని. సీసపు అక్షరాలను కేసులోంచి ఏరి స్టిక్కులో పేర్చే కంపోజిటరు ఒక పెద్దాయన ఉండేవారు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా అతికించవలసిన తెలుగు అక్షరాన్ని తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా చదువుతూ గంటకు కొన్ని పంక్తులు మాత్రమే పేర్చగలిగేవారు. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చాక రోజంతా పట్టే ఆ పని గంటలో పూర్తయింది. అచ్చుకూటం యజమానికి సమయం మిగిలింది, గిరాకీ పెరిగింది. పెద్దాయనకు మాత్రం ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపేశారు. తరువాత ఒక విచిత్రం జరిగింది. మా పుస్తకాలలో అచ్చుతప్పులు ఒక్కసారిగా పెరిగాయి. ఎందుకా అని ఆలోచిస్తే, ఆయన అక్షరాలు పేర్చేటప్పుడే రచయిత చేసిన సంధి దోషాలను, తప్పిన విరామాలను సరిచేసేవారని, నా చేతికి వచ్చే ప్రూఫు అప్పటికే సగం శుద్ధమై వచ్చేదని ఆలస్యంగా తెలిసింది. ఆ పనికి ఎవరూ ఎన్నడూ కూలి ఇవ్వలేదు, ఆయన పనుల జాబితాలో అది ఎక్కడా లేదు. అందుకే ఆయన వెళ్లిపోయినప్పుడు అది కూడా పోయిందని ఎవరూ గమనించలేదు.

సరిగ్గా అదే కాలంలో బ్యాంకులలోకి కంప్యూటర్లు వస్తున్నాయి. అక్కడ కథ ఇలా నడవలేదు. ఉద్యోగ సంఘాలు గట్టిగా అడ్డుకున్నాయి. 1983లో యాజమాన్యాలకూ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది, సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ బ్యాంకుల యాంత్రీకరణకు ప్రణాళిక వేసింది (ఆయనే ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరు అయ్యారు). లెడ్జరు యంత్రం నడిపే గుమాస్తాలకు ప్రత్యేక భత్యం దక్కింది. ఆ వ్యతిరేకత అన్ని విషయాలలోనూ సరైనదని నేను అనను, కంప్యూటరు ఆలస్యంగా రావడం వల్ల ఖాతాదారులు చాలాకాలం వరుసలలో నిలబడ్డారు. కానీ రెండుచోట్లా వచ్చింది ఒకే రకమైన యంత్రం. బ్యాంకు గుమాస్తాకు దక్కినది మా కంపోజిటరుకు దక్కకపోవడానికి కారణం కూర్చుని మాట్లాడుకోవడానికి అక్కడ ఒక బల్ల ఉండటం, ఇక్కడ లేకపోవడం.

ఇప్పుడు మీరు అడిగిన ఎదుగుదల ప్రశ్న. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. అంతకుముందు ఒక రైతు ధ్రువపత్రం కోసం పల్లె నుంచి బస్సెక్కి, మీ దుకాణంలో దరఖాస్తు రాయించుకుని, కాపీలు తీయించుకుని, కార్యాలయం దగ్గర నిలబడి, పూట కూలి పోగొట్టుకునేవాడు. ఇప్పుడు ఆ పూట అతడికి మిగులుతోంది. ఇది నిజమైన మేలు, మీ ఆదాయం తగ్గినా దీన్ని మేలు కాదని నేను చెప్పలేను, మీరూ అనరని తెలుసు. అయితే దేశ ఉత్పత్తి లెక్కలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. మీకు అతడు ఇచ్చే 40 రూపాయలు, బస్సు టికెట్టు లెక్కలోంచి తగ్గిపోతాయి. అతడికి మిగిలిన పూట ఎక్కడా చేరదు. డబ్బు చేతులు మారినదే ఆ లెక్కకు కనబడుతుంది, మిగిలిన సమయం కనబడదు. దీనికి వ్యతిరేకంగా, రోడ్డు గుంతల వల్ల ఎవరైనా ఇంటి వాడకపు బండి టైరు రెండుసార్లు మార్చవలసివస్తే ఉత్పత్తి పెరిగినట్టు లెక్కకు వస్తుంది.

ఈ లోపం కొత్తగా కనిపెట్టినది కాదు. జాతీయాదాయాన్ని లెక్కించే పద్ధతిని 1934లో అమెరికా సెనేటుకు సమర్పించిన ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్, ఆ అంకెను బట్టి ప్రజల సంక్షేమాన్ని అంచనా వేయలేమని ఆ నివేదికలోనే హెచ్చరించారు. తొంభై ఏళ్లుగా ప్రపంచం ఆ అంకెను పట్టుకుని, ఆ హెచ్చరికను వదిలేసింది. అంకె అబద్ధమని నేను చెప్పడం లేదు. పన్నులు ఎంత వస్తాయో, అప్పు ఎంత తీర్చగలమో తెలుసుకోవడానికి అది కావాలి. ఒక ఇంట్లో మనుషులు ఎలా బతుకుతున్నారన్న ప్రశ్నను మాత్రం దాన్ని అడగకూడదు.

సగటుకు కూడా ఇదే జబ్బు. మీ అబ్బాయి తిరిగే కొండాపూర్ ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయంలో తెలంగాణలోనే ముందుంటుంది. ఆ సగటులో గచ్చిబౌలి అద్దాల మేడలోని ఇంజినీరు, యాచారంలో బోరు ఎండిపోయిన రైతు, గంటకు 52 రూపాయలు మిగిలే మీ అబ్బాయి ఒకే అంకెగా మారిపోతారు. ఇకముందు ఈ ఎడం మరింత పెరిగే అవకాశం ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. అది రావడం రాష్ట్రానికి మంచిదే. కానీ డేటా కేంద్రం స్వభావం బట్టల మిల్లు స్వభావం కాదు. కట్టడం పూర్తయ్యాక పెట్టిన పెట్టుబడితో పోల్చితే అందులో పనిచేసేవారు చాలా తక్కువ, అది వాడేది ప్రధానంగా విద్యుత్తు, చల్లదనానికి నీరు. జిల్లా ఉత్పత్తి అంకె ఎంత పెరిగినా ఆ నిష్పత్తిలో జీతాలు పెరగవు. అలాంటి ఎదుగుదల మీ గడప తొక్కాలంటే దారి జీతం ద్వారా కాదు. అక్కడి నుంచి వచ్చే పన్ను బడిగా, ఆసుపత్రిగా, మీ అమ్మగారి కోసం ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుగా మారాలి. కాబట్టి ఎన్ని కోట్ల పెట్టుబడి వచ్చిందని అడిగే చోట, దాని మీద వచ్చే పన్ను ఎంత, ఇచ్చిన రాయితీ ఎంత అని కూడా అడగడం మనలాంటివారి బాధ్యత అని నేను నమ్ముతాను.

మీ అబ్బాయి విషయానికి తిరిగి వస్తాను. బంధువులతో ప్రైవేటు ఉద్యోగమని చెప్పడం మానండి. అతడు ఎండలో, వానలో తిరిగి అన్నం మోసుకొచ్చి ఇచ్చే మనిషి, అది దాచుకోవలసిన పని కాదు. మీరు దాచిన ప్రతిసారీ అతడికి ఆ పని మీద ఉన్న కాస్త గౌరవం కూడా తరిగిపోతుంది. మీరు అతడిని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: పదకొండు గంటలలో బండి మీద ఉన్నది ఎంత, హోటలు ముందు ఆర్డరు కోసం కాచుకున్నది ఎంత? యాప్ తెరిచి సిద్ధంగా ఉన్నా, ఆర్డరు రానంతసేపూ ఆ సమయానికి విలువ కట్టకపోవడమే ఈ వ్యాపారంలో అసలు కిటుకు. ఇంట్లో కూర్చున్న కొనుగోలుదారుకు అరగంట ఆదా అవుతుంది. ఆ అరగంట గాలిలోంచి పుట్టలేదు, హోటలు మెట్ల మీద కూర్చున్న కుర్రవాడి ఖాతాలోంచి వచ్చింది.

2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో ఈ విషయాన్నే తేల్చింది. డ్రైవరు తన ప్రాంతంలో యాప్ తెరిచి ప్రయాణికులను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని చెప్పింది. అదే సంవత్సరం స్పెయిన్ చేసిన చట్టం ఆహారం మోసుకెళ్లే కుర్రవాళ్లను ఉద్యోగులుగానే భావించాలని, యాప్‌లో పని పంచే గణన సూత్రాల (అల్గారిదమ్‌ల) వివరాలను కార్మికుల ప్రతినిధులకు చెప్పాలని నిర్దేశించింది. మన దేశంలో దారి ఇంకా అంత దూరం పోలేదు. గిగ్ కార్మికులు (స్థిరమైన ఉద్యోగం లేకుండా పనికింత చొప్పున చేసేవారు), వేదిక కార్మికులు (యాప్‌ల ద్వారా పని పొందేవారు) అన్న మాటలను 2020 సామాజిక భద్రతా స్మృతి మొదటిసారి చట్టంలోకి తెచ్చింది. సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలని, అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించనక్కరలేదని చెప్పింది. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రాజస్థాన్ 2023లోనే ఇందుకు సొంత చట్టం చేసుకుంది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో ఇలాంటి పనివారు 77 లక్షలు, 2029-30 నాటికి వారు 2 కోట్ల 35 లక్షలకు చేరతారని ఆ నివేదిక అంచనా వేసింది. ఇంతమంది చేసే పనిని చదువు పూర్తయ్యాక ఉద్యోగం వచ్చేలోపు కాలక్షేపమని అనుకోవడం ఇక కుదరదు.

అందువల్ల మీ అబ్బాయి ఈ వారంలోనే కేంద్ర ప్రభుత్వ కార్మికుల నమోదు పోర్టల్ ఈ-శ్రమ్‌లో వేదిక కార్మికుడిగా పేరు నమోదు చేసుకోవాలి. ప్రమాద బీమా పత్రంలో నామినీగా వాళ్లమ్మ పేరు ఉందో లేదో చూడాలి. రోజూ లాగిన్ అయిన వేళ, ఆర్డర్లు, కిలోమీటర్లు, చేతికి వచ్చిన డబ్బు ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఐడీ హఠాత్తుగా బ్లాక్ అయిన రోజున యాప్‌లోని చరిత్ర కూడా మూసుకుపోవచ్చు, అప్పుడు చేతిలో మిగిలే సాక్ష్యం ఆ పుస్తకమే. హైదరాబాదులో తెలంగాణ గిగ్, వేదిక కార్మికుల సంఘం పనిచేస్తోంది. అందులో చేరమని బలవంతపెట్టను, ఒకసారి వెళ్లి మాట్లాడమని మాత్రం చెప్పండి. బ్యాంకు గుమాస్తాలకు ఉన్న బల్ల గురించి ఇందాక చెప్పాను కదా, అది ఎవరో వేసి ఇచ్చినది కాదు.

సమయం మాట వచ్చింది కనుక ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను. ఆర్థికవేత్త కీన్స్ 1930లో, వందేళ్లలో యంత్రాల పుణ్యమా అని మనుషులు వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందని ఊహించారు. ఉత్పత్తి విషయంలో, సంపన్న దేశాల వరకు, ఆయన అంచనా తప్పలేదు. పని గంటల విషయంలోనే తప్పింది. ఆ వందేళ్లు నిండవస్తున్న వేళ, 2025లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. తెలంగాణ వాణిజ్య సంస్థలలో వారానికి 48 గంటలు దాటకుండా రోజుకు 10 గంటల వరకు అనుమతించింది. పెట్టుబడులు రావాలంటే ఇది తప్పదని వాదన. నాకు మాత్రం ఇది మనసుకు కష్టంగా ఉంది. లెడ్జరు గంటలో పూర్తయ్యే కాలంలో పనిదినం పొడవు పెరగడాన్ని ఎదుగుదల అని పిలవడానికి నాకు నోరు రాదు.

దుకాణం మూయాలా అన్నారు. వెంటనే వద్దు. ముందుగా ఒక నెల రోజులు గల్లాపెట్టె పక్కన ఒక నోటు పుస్తకం పెట్టి, పేజీ మధ్యలో గీత గీయండి. జిరాక్సు, ప్రింటు, టైపు కోసం వచ్చినవారిని ఎడమ వైపు రాయండి. ఏం రాయాలో తెలియక వచ్చినవారిని, ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఎందుకు తిరస్కరించారో చూసిపెట్టమన్నవారిని, ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఒక పేరు ఉండి చిక్కుపడినవారిని, భూమి రికార్డులైన అడంగల్, 1బి అర్థంకాక వచ్చినవారిని, వేలిముద్ర పడక జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామన్న ధ్రువీకరణ) పూర్తికాని పింఛనుదారులను కుడి వైపు రాయండి. ఎడమ వైపు పని తరిగిపోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కుడి వైపు పని మీరు పాతికేళ్లుగా చేస్తున్నారు, కానీ దానికి విడిగా ఎన్నడూ డబ్బు తీసుకోలేదు, పేజీ టైపింగు ధరలోనే దాన్ని కలిపి ఇచ్చేశారు. టైపింగు పోయేసరికి దానితోపాటు అది కూడా విలువలేనిదైపోయిందని మీరు అనుకుంటున్నారు. మా కంపోజిటరు పెద్దాయన విషయంలో యజమాని చేసిన పొరపాటే ఇది, తేడా ఏమిటంటే ఇక్కడ మీ విషయంలో మీరే చేస్తున్నారు.

ఆ పనికి స్పష్టమైన ధర పెట్టి, బోర్డు మీద రాయండి. కాగితాలు చూసి చిక్కు ఏమిటో చెప్పడానికి ఒక ధర, అర్జీ రాసి పనయ్యేదాకా రసీదు నంబరు పెట్టుకుని గమనించడానికి ఒక ధర. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సేవకు ‘ఇది ఉచితం, నా సాయానికి ఇంత’ అని విడదీసి చెప్పండి. ఎవరి ఆధార్ కాపీ అయినా పని పూర్తయ్యాక మీ కంప్యూటరులో ఉంచవద్దు, ఉంచనని కూడా ఆ బోర్డు మీదే రాయండి. కృత్రిమ మేధను మీరు కూడా వాడండి. మీకు ముసాయిదా నిమిషంలో వస్తుంది. కానీ అది కొన్నిసార్లు లేని జీవో నంబరును, వర్తించని సెక్షనును పూర్తి నమ్మకంతో రాస్తుంది, తహసీల్దారుకు రాయవలసినదాన్ని కలెక్టరుకు రాస్తుంది. తప్పు జరిగితే మళ్లీ వచ్చి అడగడానికి ఆ యంత్రానికి దుకాణం లేదు, మీకు ఉంది. తెనాలి ప్రజలు మీకు డబ్బిచ్చేది ఆ పూచీకి.

ఇంకో పని కూడా మీ చేతికి దగ్గరగా ఉంది. పాతికేళ్లుగా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పుస్తకాలు, సావనీర్లు, వంశవృక్షాలు, సంఘాల చరిత్రలు కోస్తా అంతటా పాత డిస్కులలో పడి ఉన్నాయి. వాటిని ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చదవగల యూనికోడ్ అక్షరాలలోకి మార్చితే తప్ప ఫోనులో చదవడానికి గానీ వెతకడానికి గానీ పనికిరావు. మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ ఒత్తులు తప్పుతాయి, అంకెలు మారిపోతాయి, ఆ తప్పులను పట్టుకోగలిగేది తెలుగు తెలిసిన కన్ను ఒక్కటే. మీ దగ్గరే అచ్చువేయించుకున్న స్థానిక రచయితలకు, గ్రంథాలయాలకు, పాఠశాలలకు ఒక్కొక్క ఉత్తరం రాయండి. ఇది ఎంత వస్తుందో నేను హామీ ఇవ్వలేను. ఆరు నెలల తరువాత కుడి వైపు రాబడి, ఈ రాబడి కలిపి అద్దె పోను 20 వేలు దాటకపోతే, బజారులోని గదిని వదిలేసి కంప్యూటరును మీ ఇంటి ముందు గదిలోకి తెచ్చుకోండి. అద్దె గది వదలడం వేరు, పని వదలడం వేరు.

మీ భార్య గురించి మీరు రాసిన ఒక వాక్యం నన్ను బాగా కలచివేసింది. ‘ఆమెకు సంపాదన లేదు’ అని రాసి, ఆ వెంటనే ఆమె చేసే రెండు పనులు రాశారు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుండగా, ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలని తేలింది. కుజ్నెట్స్ 1934లో లెక్క కట్టినప్పుడే గృహిణుల సేవను పక్కన పెట్టారు, మన లెక్కలలోనూ అది పక్కనే ఉంది. పక్షవాతం వచ్చిన పెద్దావిడను పక్కమీద తిప్పడం, పుండ్లు పడకుండా చూడడం, అన్నం తినిపించడం ఏ యంత్రమూ చేయలేని పని. ఆ పనికి తెనాలిలో ఒక ఆయాను పెట్టుకోవాలంటే నెలకు ఎంత అడుగుతారో కనుక్కోండి. దుకాణంలో మీకు మిగిలే 14 వేల పక్కన ఆ అంకె వేసి చూడండి.

దుకాణం మీద మీకు ఇప్పుడు గిరాకీ లేని వేళలు ఉన్నాయి. ఉదయం పదిన్నర దాకా ఎవరూ రారని నా ఊహ. ఆ వేళ మీరు అమ్మగారి దగ్గర ఉండండి. నేను పైన చెప్పిన నోటు పుస్తకాన్ని ఆ ఉదయాలలో మీ భార్య చేతికి ఇవ్వండి. మధ్యాహ్నాలు ఆ కుర్చీలో ఇన్నేళ్లు కూర్చున్న మనిషికి, ఎవరు ఏ చిక్కుతో వస్తారో మీకంటే ఎక్కువ తెలిసి ఉండవచ్చు. కుడి వైపు పనికి ధర నిర్ణయించేటప్పుడు ఆమెను అడిగి నిర్ణయించండి. బంగారం ఆమెది కనుక, తాకట్టు విషయంలో ఈ ఉత్తరాన్ని ముందుగా ఆమెకు చదివి వినిపించండి.